సముద్రం దగ్గర చదువు, మన చేతిలో ఉన్న డబ్బు

చిన్నీ,

అమ్మమ్మకి కుట్లు విప్పారు. వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తోంది, అక్కడ కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరిస్తోంది. ఇక్కడ కాకినాడలో నాకు తీరిక దొరికేసరికి, అక్కడ టెక్సస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో నువ్వు స్కూల్‌కి బయల్దేరే హడావిడి. ఫోన్లో సగం సగం మాట్లాడుకోవడం కంటే రాయడమే నయమనిపించింది. మనబడిలో నేర్చుకున్న తెలుగు ఇప్పుడు పనికొస్తుంది, నెమ్మదిగా చదువుకో. అర్థం కానిది ఉంటే నాన్నని అడుగు.

కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా సిటీ కాలేజీ గురించి నువ్వు పంపిందంతా చదివాను. రెండేళ్లు అక్కడ, తర్వాత యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) శాంటా బార్బరాకి ట్రాన్స్‌ఫర్, ఆ యూనివర్సిటీ పక్కనే ఉన్న ఐలా విస్టాలో స్నేహితులతో గది. కాలేజీ ఫొటోలు చూశాను, క్లాసు బయటే సముద్రం. నువ్వు ఎందుకు మనసు పడ్డావో నాకు తెలుసు. ఊళ్లో అందరూ కంప్యూటర్స్ అంటుంటే నువ్వు సముద్రపు జీవుల గురించి చదువుతానన్నావు. అది నాకు చాలా ఇష్టం. ఆ విషయంలో నీకు ఎవరు అడ్డొచ్చినా నేను నీ పక్కనే ఉంటాను. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదాని గురించే ఈ ఉత్తరం.

"రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ కదమ్మా, చవక" అని రాశావు. ఎవరికి చవక అన్నది చూడాలి. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లే (కోర్సుల్ని యూనిట్లలో లెక్కకడతారు). ఏడాదికి 30 యూనిట్లు తీసుకుంటే 1,380 డాలర్లు, దాదాపు ఉచితమన్నట్టే. బయటి రాష్ట్రం నుంచి వెళ్లిన పిల్లలకి ఆ 46కి పైన నాన్‌రెసిడెంట్ ట్యూషన్ పడుతుంది, అది యూనిట్‌కి 300 డాలర్లకు పైమాటే. 300 అనే వేసుకున్నా ఏడాదికి 10 వేలు దాటిపోతుంది. అక్కడి పిల్లలకి ఫీజు మాఫీ చేసే ప్రామిస్ గ్రాంట్ గానీ, ఆ రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ గానీ నీకు రావు. అవి ఆ రాష్ట్రం వాళ్ళకే. ఫాఫ్సా అనే ఫెడరల్ దరఖాస్తు ద్వారా వచ్చే, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్, ఫెడరల్ లోన్ మాత్రం ఏ రాష్ట్రానికి వెళ్లినా నీ వెంట వస్తాయి. నాన్న జీతానికి పెల్ వస్తుందన్న ఆశ నాకు లేదు. మొదటి ఏడాది లోన్ 5,500 డాలర్లు మించి ఇవ్వరు.

నువ్వు పంపిన ప్రకటనలో ఇద్దరు పంచుకునే గదిలో ఒక్క మంచానికి నెలకి 1,100 అడుగుతున్నారు. లీజు పన్నెండు నెలలకి. వేసవిలో ఇంటికొచ్చినా అద్దె కట్టాల్సిందే. అంటే 13,200. ఫీజూ అద్దే కలిపితే ఏడాదికి 23 వేలు దాటాయి, ఇంకా అన్నం, పుస్తకాలు, విమానం టికెట్లు లేవు. నీ చదువుకని మేం పక్కన పెట్టింది 38 వేలు. ఆ డబ్బు రెండేళ్లకే చాలదు. నాన్న కాంట్రాక్టు ఏడాదికోసారి మారే సంగతి నీకు తెలుసు, ఆ పైన అప్పు చేయడం నాకిష్టం లేదు.

"ఏడాది అక్కడే ఉంటే రెసిడెంట్ అయిపోతానుగా" అన్నావు. నీ స్నేహితులు చెప్పిన ఆ మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. ఏడాదీ ఒక రోజూ అక్కడ ఉండాలన్నది నిజం. కానీ ఉండటం ఒక్కటే చాలదు. అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలతో చూపించాలి. దాంతోపాటు నీ ఖర్చులు నువ్వే పెట్టుకుంటున్నావా, అమ్మానాన్నలు పెడుతున్నారా అని కూడా చూస్తారు. మేం టెక్సస్‌లో ఉండి, నీ అద్దె మేమే కట్టి, ట్యాక్స్‌లో నిన్ను డిపెండెంట్‌గా చూపిస్తున్నంత కాలం ఆ లెక్క నెగ్గడం చాలా కష్టం. యూసీలో ఇంకా గట్టిగా చూస్తారు. తల్లిదండ్రులు రాష్ట్రం బయట ఉన్న పిల్లలు 24 ఏళ్లలోపు వాళ్ళయితే, సొంత కాళ్ళ మీద నిలబడ్డామని రుజువు చూపించాలి. అది కుదరకపోతే మామూలు ఫీజు మీద నాన్‌రెసిడెంట్ ట్యూషన్ ఏడాదికి 30 వేలకు పైగా కట్టాలి. చివరి రెండేళ్లకి అదొక్కటే 60 వేలు దాటుతుంది. కమ్యూనిటీ కాలేజీలో మిగుల్చుకుందామనుకున్నదంతా అక్కడ ఒక్క దెబ్బకి పోతుంది. అందుకే చిన్నీ, మొదటి రెండేళ్ల ఖర్చు చూసి కాలేజీని ఎంచుకోవద్దు. డిగ్రీ చేతికొచ్చే దాకా నాలుగేళ్ల ఖర్చు ఒక్క కాగితం మీద వేసుకుని చూడు.

ఇంకో సంగతి. కమ్యూనిటీ కాలేజీ ఎక్కడైతే యూనివర్సిటీ కూడా ఆ రాష్ట్రంలోనే అనుకుని దిగాలి. యూసీలు ట్రాన్స్‌ఫర్‌లో ముందు పీట వేసేది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల పిల్లలకి. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సరిపోతుందో చూపించే అసిస్ట్ అనే సైటులో ఆ రాష్ట్రం కాలేజీలే ఉంటాయి. ట్యాగ్ పేరుతో ముందే సీటు ఖాయం చేసే ఏర్పాటు డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఉంది, అదీ కాలిఫోర్నియా కాలేజీల పిల్లలకే. చాలా మంచి ఏర్పాటు, కాదనను. కానీ ట్యాగ్ సీటుకి హామీ ఇస్తుంది, ఫీజుకి ఇవ్వదు. ఏడాది తర్వాత డబ్బు చాలక ఇంటికి వచ్చేయాల్సి వస్తే, అక్కడ చదివిన కెమిస్ట్రీ మొదటి భాగానికి ఇక్కడి రెండో భాగం అతకకపోవచ్చు. ల్యాబ్ సబ్జెక్టుల్లో ఇలాంటి చిక్కులు ఎక్కువ. ఒక సెమిస్టర్ పోతే ఫీజుతో పాటు అద్దె కూడా మళ్లీ కట్టాలి.

మరి టెక్సస్‌లో సముద్రం లేదా? ఇర్వింగ్ నుంచి ఆరేడు గంటలు డ్రైవ్ చేస్తే కార్పస్ క్రిస్టీ. అక్కడ డెల్ మార్ కాలేజీ ఉంది. ఆ జిల్లా వాళ్ళం కాదు కాబట్టి వాళ్ళ కంటే కాస్త ఎక్కువ కట్టాలి, కానీ టెక్సస్ వాళ్ళం కాబట్టి బయటి రాష్ట్రం రేటు పడదు. ఇక్కడ 42 క్రెడిట్ గంటల కోర్ కరికులం, అంటే అందరూ చదవాల్సిన మూల సబ్జెక్టులు, పూర్తి చేస్తే రాష్ట్రంలో ఏ ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్లినా దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలని నియమం ఉంది. అదే ఊళ్లో వార్డ్ ఐలండ్ మీద టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కార్పస్ క్రిస్టీ ఉంది. గాల్వెస్టన్‌లో ఉన్న ఏ అండ్ ఎం క్యాంపస్‌లో మెరైన్ బయాలజీ డిగ్రీయే ఉంది. పోర్ట్ అరాన్సస్‌లో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) వాళ్ళ మెరైన్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ 1941 నుంచి నడుస్తోంది.

ఇంకోటి, ఇది నీ కోసమే వెతికి పట్టుకున్నాను. కార్పస్ క్రిస్టీ పక్కనే పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్ ఉంది. ప్రపంచంలో సముద్రపు తాబేళ్లలో అన్నిటికంటే ప్రమాదంలో ఉన్న కెంప్స్ రిడ్లీ అక్కడ గుడ్లు పెడుతుంది. వాటిని సేకరించి, పొదిగించి, వేసవిలో పొద్దున్నే పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. జనం వెళ్లి చూడొచ్చు. మన కాకినాడ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీకి అది దగ్గరి చుట్టం. నీకు ఏడేళ్లప్పుడు ఇక్కడ ఇసుకలో తాబేలు పాకిన జాడ చూసి, దాని పక్కనే పడుకుని నీ చేత్తో కొలిచావు. "ఇక్కడ ఆగింది, ఇక్కడ తిరిగింది" అంటూ మమ్మల్నెవర్నీ ఆ జాడ తొక్కనివ్వలేదు. ఆ పిల్లకి పాడ్రే ఐలండ్ ఏమీ తక్కువ చోటు కాదు.

అన్నిటికంటే చవక ఇర్వింగ్‌లోనే డాలస్ కాలేజీ వాళ్ళ నార్త్ లేక్ క్యాంపస్, ఇంట్లోనే ఉండొచ్చు, అద్దె సున్నా. ఇంటి నుంచి బయటపడి బతకడం కూడా నీకు కావాలని తెలుసు కాబట్టి బలవంతం చేయను. ఆ దారి ఉందని మాత్రం మర్చిపోకు.

ఎక్కడికెళ్లినా ఇంటి విషయంలో ఈ జాగ్రత్తలు తప్పవు. కమ్యూనిటీ కాలేజీల్లో చాలావాటికి హాస్టళ్లు ఉండవు, కాబట్టి బయట వెతుక్కోవాలి. డెల్ మార్‌కి ఊరి నిండా వేర్వేరు క్యాంపస్‌లు ఉన్నాయి. నీ బయాలజీ, కెమిస్ట్రీ ల్యాబ్‌లు ఏ క్యాంపస్‌లో జరుగుతాయో తెలుసుకున్నాకే ఇల్లు చూడు. ల్యాబ్ రాత్రి తొమ్మిదింటికి అయితే తిరిగి రావడానికి బస్సు ఉంటుందా? లేకపోతే కారు, దాని ఇన్సూరెన్స్, గ్యాస్ అన్నీ అద్దెలో కలిపి లెక్క వేయాలి.

లీజు చదవకుండా సంతకం పెట్టకు. అందరి పేర్లూ ఒకే లీజు మీద ఉంటే, ఒకమ్మాయి మధ్యలో వెళ్లిపోయినా ఆమె వాటా మిగతావాళ్ళు కట్టాలి. నాన్న ఆఫీసులో ఒకాయన కూతురికి ఇదే జరిగింది. నలుగురిలో ఇద్దరు జనవరిలో ఖాళీ చేసి వెళ్లిపోతే, మిగిలిన ఇద్దరూ జులై దాకా నలుగురి అద్దె మోశారు. ఒక్కో మంచానికి విడిగా లీజు ఇచ్చే చోట్లు కూడా ఉంటాయి. పది ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే, అదే తీసుకో. ఎలాగూ కోసైనర్‌గా పూచీ ఉండమని మా సంతకం అడుగుతారు, కాబట్టి కాగితం ముందు మాకు పంపు.

ఇల్లు కళ్లారా చూడకుండా జెల్‌లో (బ్యాంకు నుంచి నేరుగా) డబ్బు పంపమనే వాడికి ఒక్క డాలర్ కూడా పంపొద్దు. ఎంత మంచిగా మాట్లాడినా, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చినా సరే. "ఇంకో నలుగురు అడుగుతున్నారు, ఈ రాత్రికే పంపండి" అన్నాడంటే ఆ ఇల్లు వదిలెయ్. డిపాజిట్‌కి టెక్సస్ చట్టంలో పరిమితి లేదు, ఎంత అడుగుతారో ముందే కనుక్కో. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి మామూలుగా ఒక నెల అద్దె మించకూడదు. దిగిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్, బాత్రూం అన్నీ వీడియో తీసి మాకు పంపు. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రస్ రాసి ఇవ్వు. టెక్సస్‌లో 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి.

కార్పస్ క్రిస్టీలో తుఫాను సంగతి కూడా ఆలోచించాలి. 2017 ఆగస్టులో హార్వీ ఆ పక్కనే రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది, పోర్ట్ అరాన్సస్ ఇన్‌స్టిట్యూట్ బాగా దెబ్బతింది. జూన్ నుంచి నవంబర్ దాకా ఆ భయం ఉంటుంది. అద్దింట్లో నీ సామానుకి రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకో, కానీ మామూలు పాలసీలో వరద నష్టం రాదు, అందుకే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. తుఫాన్ల ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

హెల్త్ ఇన్సూరెన్స్‌కి 26 ఏళ్ల దాకా మా పాలసీలోనే ఉండొచ్చు. అయితే ఆ ఊరి డాక్టర్లు మన నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో నాన్న కనుక్కుంటారు. వేరే రాష్ట్రమైతే ఎమర్జెన్సీకి తప్ప మిగతావాటికి చేతి నుంచి పెట్టుకోవాల్సి రావచ్చు.

ఇవన్నీ చదివాక కూడా నీ మనసు శాంటా బార్బరా మీదే ఉంటే, ఆ మాట నాకు సూటిగా రాయి. అక్కడి అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టు. తల్లిదండ్రులు టెక్సస్‌లో ఉండి, డిపెండెంట్‌గా ఉన్న విద్యార్థిని రెండో ఏడాది రెసిడెంట్‌గా ఒప్పుకుంటారా అని అడుగు. యూసీకి కూడా విడిగా రాయి, వాళ్ళ నిర్ణయం వాళ్ళది. ఇద్దరి జవాబులూ రాతపూర్వకంగా రావాలి. అవును అని వస్తే మనం మళ్లీ కూర్చుని లెక్క వేద్దాం, నేను మాట తప్పను.

ఈలోపు డెల్ మార్ అడ్వైజర్‌కి కూడా రాసి, గాల్వెస్టన్‌లో మెరైన్ బయాలజీకి వెళ్లాలంటే మొదటి రెండేళ్లలో ఏ బయాలజీ, ఏ కెమిస్ట్రీ, ఏ మ్యాథ్స్ తీసుకోవాలో అడుగు. అదే ప్రశ్న గాల్వెస్టన్ వాళ్ళనీ అడుగు, రెండు జవాబులూ కలవాలి. ఫాఫ్సాలో 20 కాలేజీల దాకా పెట్టొచ్చు. డెల్ మార్, నార్త్ లేక్ కోసం డాలస్ కాలేజీ, శాంటా బార్బరా మూడూ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకో. వచ్చే శనివారం నాన్నకి సెలవు, పొద్దున ఐదింటికే బయల్దేరి కార్పస్ క్రిస్టీ చూసి రండి. రాత్రికి అక్కడే ఉండండి, ఆదివారం పాడ్రే ఐలండ్. ఇళ్లు చూసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రయినా నేను తీస్తాను.

ఫ్రిజ్‌లో పెట్టిన గోంగూర పచ్చడి అయిపోయిందని నాన్న చెప్పారు. అమ్మమ్మ ఇంకో సీసా కట్టిస్తోంది.

ప్రేమతో,
అమ్మ
కాకినాడ