ఇటెన్‌లో షూటింగ్‌లో ఉన్న అమ్మాయికి

చిరంజీవి మాధవికి,

నాన్న ఆశీస్సులు. కెన్యాలోని ఇటెన్ ఊరి నుంచి నువ్వు పంపిన రన్నర్ల క్లిప్పులు చూశాం. ఎర్రమట్టి రోడ్డు, పొద్దుటి ఎండ బాగా వచ్చాయి. కానీ వాళ్లు పరిగెడుతున్నట్టు లేదమ్మా, తీరిగ్గా షికారు చేస్తున్నట్టున్నారు.

ఎదురుగా, దూరాన్ని దగ్గరగా చూపే లాంగ్ లెన్స్ పెడితే అంతే. మనిషి ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తాడు. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్చోగె మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో దాటాడు. అంటే ప్రతి 100 మీటర్లకీ 17 సెకన్లు, అలా 42 కిలోమీటర్లు! మా బళ్లో 17 సెకన్లలో ఒక్క వంద కొట్టిన పిల్లలు గీత దాటగానే మోకాళ్లు పట్టుకుని వంగిపోయేవాళ్లు. అందుకే పక్కనుంచి తియ్యి. ఫ్రేములో సైకిల్ మీద పోయేవాణ్ణో, బడికెళ్లే పిల్లల్నో ఉండనివ్వు. వాళ్లని దాటిపోతుంటేనే వేగం తెలిసేది.

ముఖాన్ని మరీ నమ్మకు. నొప్పి మొదలైతే కిప్చోగె కావాలనే నవ్వుతాడు. కాళ్ల చప్పుడు, ఊపిరి శుభ్రంగా రికార్డ్ చెయ్యి. ఎడిటింగ్‌లో వాటిమీద మ్యూజిక్ పోసేస్తారేమోనని నా టెన్షన్.

1964 టోక్యో ఒలింపిక్స్ మీద సినిమా తీసిన కోన్ ఇచికావా, అక్కడ మారథాన్ గెలిచిన అబెబె బికిలా ముఖాన్ని స్లోమోషన్‌లో చాలాసేపు చూపించాడు. అందరూ దాన్నే మెచ్చుకుంటారు. నాకైతే వేరే రన్నర్లు నీళ్ల బల్ల దగ్గర ఆగి కప్పు మీద కప్పు తాగే షాట్లే ఇష్టం. ఆ సినిమా తీయించిన పెద్దలకు మాత్రం ఈ ధోరణి నచ్చలేదు.

పేసర్లని, అంటే వేగం తగ్గకుండా ముందు పరిగెత్తి సాయపడేవాళ్లని, వదలకు. వియన్నాలో కిప్చోగె కోసం 41 మంది పేసర్ల జట్టు వంతులవారీగా పనిచేసింది. రియో ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన సెంట్రోవిట్జ్ కూడా వాళ్లలో ఉన్నాడు. అలా మనుషులు మారుతూ వచ్చారు కాబట్టి (అదొక్కటే కారణం కాదనుకో) అది ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు. మామూలు రేసులో పేసర్ ఏ 30 కిలోమీటర్ల దాకానో లాగి రోడ్డు దిగిపోతాడు. కెమెరా ముందుకెళ్లిపోతుంది. దిగినవాడు ఎటు పోతాడు, డబ్బులు ఎప్పుడిస్తారు, నేనైతే ఏ సినిమాలోనూ చూడలేదు. గురువారం ఫార్ట్‌లెక్‌కి (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరిగెత్తే సాధనకి) అక్కడ వందలమంది వస్తారుగా, పేసింగ్ చేసినవాళ్లు వాళ్లలో తప్పక ఉంటారు. ఒకణ్ణి పట్టుకుని అడుగు.

కెమెరా మోస్తూ వాళ్లతో పరిగెత్తాలని చూడకు, అది 2,400 మీటర్ల ఎత్తు. బండెక్కు. వాళ్లకి ముందు మాత్రం పోనివ్వకు, ఆ దుమ్మూ పొగా పీల్చేది వాళ్లే.

ఈ గురువారం ఫుటేజీ కట్ చెయ్యకుండా పంపు. అమ్మ కూడా చూస్తానంటోంది.

మీ నాన్న