నంబరు గీకేసిన ఇంజిను అమ్మినందుకు ఫిర్యాదు

హైదరాబాద్,
10-7-2025

పాత ఇంజిన్ల విక్రయ సంస్థ యజమాని గారికి,

విషయం: జూన్ 9న మీ దగ్గర కొన్న డీజిల్ ఇంజిను వాపసు, డబ్బు తిరిగి చెల్లింపు గురించి.

అయ్యా,

నా డిజైర్ డీజిల్ క్యాబ్ కోసం మీ దుకాణంలో పాత ఇంజిను కొన్నాను. 20 వేలు బయానా ఇచ్చి, మిగతా 48 వేలు ఇంజిను ట్రాలీ ఆటోలోకి ఎక్కిన రోజున చేతికిచ్చాను. అది పదకొండు రోజులు నడిచింది. ఇప్పుడు నాచారంలోని మెకానిక్ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. నాలుగుసార్లు ఫోను చేశాను, రెండుసార్లు స్వయంగా వచ్చాను. రెండోసారి మీ కౌంటరులోని అబ్బాయి, "మేమిచ్చేది స్టార్టింగ్ గ్యారంటీ ఒక్కటే, బండి స్టార్టయింది కదా" అని తలుపు చూపించాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా బండి మొదటి ఇంజిను పోవడానికి మీకూ సంబంధం లేదు, ఇంకెవరికీ సంబంధం లేదు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుండగా వేడి దీపం ఎర్రగా వెలిగింది. వెనక సీట్లో ఉన్నవాళ్లకు విమానం తప్పుతుందన్న కంగారులో ఆరాంఘర్ దాకా ఆపలేదు. కూలెంటు అంతా కారిపోయి ఇంజిను బిగుసుకుపోయింది. ఆ తప్పు నాదే. పాత ఇంజినుకు కొత్తదాని ఆయుష్షు ఉండదని కూడా తెలుసు, ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాణ్ణి. కాబట్టే డబ్బు తీసేముందు మిమ్మల్ని మూడు మాటలు అడిగాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎప్పుడైనా విప్పారా? ఏ బండిలోది? "72 వేలే తిరిగింది, ఇంతవరకు పానా పెట్టలేదు, వెనక నుంచి లారీ గుద్దిన బండిలోది, కాగితాలు రెండు రోజుల్లో ఇస్తాం" అని మీరే, మీ నోటితోనే చెప్పారు.

కిలోమీటర్లకు రుజువుగా వాట్సాప్‌లో మీటరు ఫొటో పంపారు. ఆరోజు అంకె ఒక్కటే చూశాను. ఇంజిను ఆగిపోయాక అదే ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఇంజిను వేగం చూపే గడియారంలో ఎర్ర గీత ఆరు వేలు దాటాక మొదలవుతోంది. నా డీజిల్ బండిలో అది ఐదు వేల దాపునే ఉంటుంది. మీరు పంపింది పెట్రోలు కారు మీటరు. ఆ 72 వేలు ఎవరి బండివో మీకే తెలియాలి.

జూన్ 25న ఔటర్ రింగ్ రోడ్డు మీద తుక్కుగూడ దాటాక బండి లాగడం మానేసింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనబడనంత నీలిపొగ. ప్రయాణికులను ఇంకో క్యాబ్ ఎక్కించి, బండిని తాడు కట్టి నాచారం తెచ్చుకున్నాను. మెకానిక్ ఆయిలు మూత తీయగానే గుప్పుగుప్పున పొగ మొహానికి కొట్టింది. బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండరులో నొక్కిన గాలి పిస్టను రింగులు దాటి కిందికి తన్నుతోంది అన్నాడు. ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలో మూడు 25, 26 బార్ల దగ్గర ఉన్నాయి, మూడో నంబరుది మాత్రం 14 దాటలేదు. డీజిల్ ఇంజినులో స్పార్కు ప్లగ్గు ఉండదని, గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నొక్కుడే లేని సిలిండరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కింద ఆయిలు పాన్ విప్పినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఆయిలు పీల్చే జాలీ నిండా బూడిదరంగు సీలెంటు ముక్కలు, ఉడికిన సేమ్యాలా చుట్టుకుని ఉన్నాయి. వేలితో లాగితే సాగుతూ వచ్చాయి. ఎవరో ఇంజిను విప్పి, ప్యాకింగు బదులు సీలెంటు దట్టంగా పూసి, మళ్లీ బిగించారు. లోపలికి ఒలికినదంతా జాలీకి అడ్డుపడి ఆయిలు పైకి ఎక్కలేదు. హెడ్డు తీస్తే మూడో సిలిండరు గోడ మీద పైనుంచి కిందికి గీతలు, గోరుకు తగిలేంత లోతు. పిస్టను రింగు విరిగి ఉంది. పానా పెట్టని ఇంజిను ఇలా ఉంటుందా? బయట వేసిన వెండిరంగు పెయింటు గోటితో గీస్తే రేకులుగా లేచింది. దాని కింద తుప్పు.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఇంజిను నంబరు. బ్లాకు మీద ఆ చోటును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆర్‌టీఏలో చాసిస్ నంబరుకు అచ్చు తీసినట్టే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాం. ఇంజిను రకాన్ని చెప్పే డి13ఏ అన్న మొదటి అక్షరాలు పడ్డాయి. ఆ తర్వాత అంకెలు లేవు, గ్రైండరు గీతలే అచ్చుపడ్డాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజిను మారిస్తే ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి, ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. ఏ నంబరు రాయించుకోమంటారు? రేపు తనిఖీలో బ్యానెట్టు ఎత్తమంటే, ఎవరి బండి ఇంజిను దొంగిలించావని నన్నడుగుతారు. మా వీధిలో ఇన్నేళ్లుగా పిల్లలను బడికీ, పెద్దవాళ్లను ఆసుపత్రికీ నమ్మకంగా తీసుకెళ్లినవాణ్ణి. ఆ మాట పడవలసిన అవసరం నాకు లేదు.

మీరిచ్చిన కచ్చా చీటీలో "ఇంజిను 1, 68,000" అని తప్ప ఏమీ లేదు. జీఎస్టీ నంబరు లేదు, ఇంజిను నంబరు లేదు, మీరు చెప్పిన మూడు నెలల గ్యారంటీ లేదు. అయితే ఆ గ్యారంటీ గురించి మీరు పంపిన వాయిస్ మెసేజీ నా ఫోనులో భద్రంగా ఉంది.

ఇంజిను సొమ్ము 68,000, బిగించి, విప్పినందుకు కూలి 14,500, ఆయిలు, ఫిల్టరు, కూలెంటుకు 3,200, మొత్తం 85,700 రూపాయలు నాకు తిరిగి ఇవ్వాలి. బండి ఆగిన రోజుల సంపాదన నేను అడగడం లేదు, అక్క దగ్గర చేబదులు తెచ్చి ఫైనాన్సు వాయిదా కట్టుకున్నాను. కానీ ఈ ఇంజిను ఏ బండి నుంచి తీశారో, ఎవరి దగ్గర కొన్నారో సంతకం పెట్టి రాసివ్వాలి. డబ్బు ఇచ్చి ఈ కాగితం ఇవ్వకపోతే ఒప్పుకోను. వేరే ఇంజిను ఇస్తామంటే కూడా వద్దు.

బిల్లు ఇవ్వకపోవడాన్నీ, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడాన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. నేను మొదటిసారి మీకు చెప్పింది కొన్న పదిహేడో రోజున, అంటే వాపసుకు ఆ చట్టం పెట్టిన గడువు లోపలే. క్యాబ్ నడుపుతున్నాను కాబట్టి ఇది వ్యాపారం కిందికి వస్తుందని మీ అబ్బాయి అన్నాడు. సొంతంగా నడుపుకుని పొట్టపోసుకునేవాడు కూడా వినియోగదారుడేనని అదే చట్టంలో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేస్తాను, నేనుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. నంబరు గీకిన సంగతి మీద పోలీసులకు వేరే ఫిర్యాదు ఇస్తాను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. ఇంజినును, జాలీలోంచి తీసిన సీలెంటును, విరిగిన రింగును విడిగా మూటకట్టి ఉంచాం. మీ మనిషిని పంపితే నా ఎదుటే, మెకానిక్ ఎదుటే చూసుకోవచ్చు. అంతవరకు ఒక్క బోల్టు కూడా కదపనివ్వను.

ఇట్లు,
(సంతకం)
క్యాబ్ యజమాని, డ్రైవరు, ఉప్పల్

జతపరిచినవి: కచ్చా చీటీ నకలు, మీటరు ఫొటో, పెన్సిలు అచ్చు, మెకానిక్ రాసిచ్చిన రీడింగులు, షెడ్డులో తీసిన ఫొటోలు.