మన కుక్కల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా బహుమతి ముక్కల మీదే

సభ్యులందరికీ నమస్తే.

లెక్కలు, కమిటీ మార్పులు చివర్లో రాస్తాను, ముందు ఈ ఏడాది మన సమయమంతా తీసుకున్న పని గురించి చెప్పాలి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం: ఆదివారం క్లాసులకు కర్ర, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్, ముళ్ల కాలర్ ఎవరూ తీసుకురాకూడదు, కుక్కకు ఏది నేర్పినా తిండి ముక్కతోనో ఆటతోనో నేర్పాలి. ఆ రోజు చేతులెత్తిన వాళ్లలో కూడా చాలామందికి నమ్మకం లేదు. "ముక్క చూపిస్తే వింటది, మంచిదే. ముక్క లేని రోజు ఎట్ల?" అని ఒక పెద్దాయన అడిగారు. చాలా సరైన ప్రశ్న అది, ఏడాదంతా మనం దాని చుట్టూనే తిరిగాం.

క్లాసులు చలికాలంలో, వానాకాలంలో ఎన్‌జీ కాలేజీ మైదానంలో పొద్దున్నే పెట్టుకున్నాం. నల్లగొండ ఎండలు మీకు తెలియనివి కావు, ఏప్రిల్ నుంచి పానగల్ ఉదయ సముద్రం కట్ట వైపు మార్చి, పొద్దుగూకాక మొదలుపెట్టాం. తారు రోడ్డు మీద మన అరచేయి వెనక భాగం పెట్టి కాసేపు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించొద్దు, పాదాలు కాలిపోతాయి. ఇది ప్రతి వేసవి చెప్పేదే, అయినా మళ్లీ చెబుతున్నా.

క్లాసులో అందరికీ కష్టమైంది సమయం. కుక్క కూర్చుంటుంది, యజమాని జేబులో కవర్ వెతుక్కుంటాడు, ఆ కవర్ చప్పుడుకు కుక్క లేచి మీదికి వస్తుంది, అప్పుడు ముక్క దాని నోట్లో పడుతుంది. కుక్క నేర్చుకున్నది కూర్చోవడం కాదు, లేచి మీదికి రావడం. మంచి పని చేసిన సెకను, రెండు సెకన్లలోపు దానికి ఫలితం అందాలి. అందుకే "శబాష్" అనే మాటను మొదట ముక్కతో జత చేయించాం: శబాష్ అనడం, వెంటనే ముక్క ఇవ్వడం, అంతే, వేరే పని ఏమీ చెప్పకుండా. కొద్ది రోజులకు ఆ మాట వింటేనే కుక్క చెవులు నిక్కబొడుచుకుంటుంది. ఆ తర్వాత ముక్క చేతికి రావడం కాస్త ఆలస్యమైనా, మాట సరైన క్షణంలో పడితే చాలు. మనలో రిటైరైన జువాలజీ లెక్చరర్ ఒకరు ఒక ఆదివారం దీని వెనక సంగతి చెప్పారు. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, గడియ తీసుకుని బయటికొస్తే తిండి దొరికేలా చేసి చూశాడు. మంచి ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందని తేల్చింది ఆయనే. మనం మైదానంలో చేస్తున్నది కూడా అదే సూత్రం.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. ముక్క ముందే చూపించి పిలిస్తే అది లంచం, పని అయ్యాక ఇస్తే అది కూలి. మొదట్లో ముక్కను ముక్కు దగ్గర పట్టుకుని తల పైకెత్తిస్తే కుక్క దానంతటదే కూర్చుంటుంది, దాన్ని తప్పు పట్టడం లేదు, కానీ అలా కొన్నిసార్లు చేశాక ఖాళీ చేత్తో అదే సైగ చేయాలి, కూర్చున్నాక ముక్క సంచిలోంచి రావాలి. పని బాగా పట్టుబడ్డాక ప్రతిసారీ ఇవ్వడం మానేసి, ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మెచ్చుకుని, మళ్లీ ఇచ్చి, ఇలా లెక్క తెలియకుండా ఇస్తే కుక్క ఇంకా పట్టుదలగా చేస్తుంది. పైగా బహుమతి అంటే తిండే కావాల్సిన పని లేదు. గేటు తీయడం బహుమతి, బంతి విసరడం బహుమతి, గోడ పక్కన వాసన చూసుకోనివ్వడం కూడా. వాసన పట్టే పోలీసు జాగిలాలు చాలావరకు ఒక బంతి ఆట కోసమే అంత కష్టపడతాయి. కూర్చుంటేనే గేటు తెరుచుకుంటుందని తెలిసిన కుక్క, మన చేతిలో ఏమీ లేకపోయినా గేటు ముందు కూర్చుంటుంది. ఆ పెద్దాయన జర్మన్ షెపర్డ్ ఇప్పుడు అలాగే కూర్చుంటోంది, ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మాట వినని కుక్కల్లో చాలావాటి ఇబ్బంది ఇంట్లోనే ఉంది. నానమ్మ "కూసో" అంటుంది, పిల్లలు "సిట్" అంటారు, ఇంటాయన "కూర్చోరా, కూర్చో, చెప్తున్నా కదా కూర్చో" అంటాడు. పాపం దానికి ఏది మాటో ఏది చప్పుడో తెలియదు. అందుకే ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇచ్చాం, ఏ పనికి ఏ మాటో ఇంటిల్లిపాదీ కూర్చుని రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి. మాట ఒక్కసారే చెప్పాలి. మీదికి ఎగిరే కుక్కను మోకాలితో తోయొద్దు, తిట్టొద్దు, వెనక్కి తిరిగి నిలబడండి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలో శబాష్. ఒకటికి పోయించే అలవాటుకూ ఇదే పద్ధతి: బయట పని కాగానే అక్కడే ముక్క ఇవ్వాలి, ఇంట్లోకి వచ్చాక ఇస్తే అది ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టు అవుతుంది.

"రా" అనే మాట గురించి విడిగా చెప్పాలి. పిలిచి తిట్టడం, పిలిచి గొలుసు వేయడం, పిలిచి స్నానం చేయించడం, ఇవి చేస్తే ఆ మాట పాడైపోతుంది. రామగిరి వైపు ఉండే మన సభ్యురాలి నాటు కుక్క ఒక సాయంత్రం గేటు సందులోంచి రోడ్డు మీదికి ఉరికింది, అవతల నుంచి లారీ వస్తోంది. ఆమె "రా" అని ఒక్క కేక వేస్తే వెనక్కి తిరిగి వచ్చింది. ఆ ఇంట్లో ఆ మాటకు ఎప్పుడూ కోడిగుడ్డు ముక్కే దొరికేది. ఈ ఏడాది నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన విషయం ఇదే.

ముక్క ఏది, ఎంత అన్నదాని మీద చాలా ఫోన్లు వచ్చాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, గుడ్డు, కొంచెం పనీర్, కొంచెం కార్జం, క్యారెట్, కీరా ముక్కలు మంచివి. కార్జం రోజూ పెట్టకండి, విటమిన్ ఎ ఎక్కువై ఇబ్బంది అవుతుంది. సైజు శనగ గింజంత చాలు, కుక్క లెక్కపెట్టేది ఎన్నిసార్లు దొరికిందనే గానీ ఎంత పెద్దదని కాదు. రోజు మొత్తం తిండిలో ఈ ముక్కలు పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి. లాబ్రడార్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, వాటిలో దాదాపు నాలుగో వంతుకు ఆకలి తీరినట్టు చెప్పే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు, అది అడిగిందల్లా ఆకలి కాదు. అసలు పెట్టకూడనివి: చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్, ఉడికించిన బొక్కలు. గుడి నుంచి తెచ్చిన లడ్డూలో, పాయసంలో కిస్మిస్ ఉంటుంది, ప్రసాదమే కదా అని భక్తితో పెడతారు, దయచేసి వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆదివారం మటన్ కూరలో మిగిలిన బొక్కలు కూడా అంతే, ఉడికిన బొక్క చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

పండగల చప్పుడు మీద ఈసారి కొత్తగా పని చేశాం. వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి పటాకులు వచ్చే కొన్ని వారాల ముందు నుంచే ఫోన్‌లో ఆ చప్పుళ్లను చాలా తక్కువ సౌండ్‌తో పెట్టి, వినిపించినప్పుడల్లా ముక్క ఇస్తూ, కుక్క హాయిగా ఉంటేనే సౌండ్ కొద్దిగా పెంచాం. భయపడుతున్న కుక్కకు తిండి పెడితే భయం అలవాటవుతుందని కొందరు టెన్షన్ పడ్డారు. అలా కాదు, భయం అది కావాలని చేసే పని కాదు కదా, తిండితో ఆ చప్పుడు మీద మనసు మెల్లగా మారుతుంది. అన్ని కుక్కలకూ పూర్తిగా పోలేదు. మంచం కింద దూరి వణికే ఒక పామేరియన్ ఈసారి ఇంట్లో వాళ్ల పక్కనే పడుకుందని విన్నాం. అసలు తిండే ముట్టనంత భయపడే వాటిని డాక్టర్‌కు చూపించండి.

కుక్కను కొన్ని వారాలు తమ దగ్గర ఉంచుకుని "పూర్తి ట్రైనింగ్" ఇస్తామనే చోట్ల గురించి ఒక మాట. మన సభ్యుల కుక్క ఒకటి అలాంటి చోటు నుంచి తిరిగొచ్చాక చెయ్యి పైకెత్తితే నేలకు అంటుకుపోతోంది. మాట వింటోంది, నిజమే, భయంతో. పంపే ముందు వాళ్లు ఎలా నేర్పుతారో కళ్లతో చూడండి, చూడనివ్వకపోతే పంపకండి.

దేవరకొండ వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఒక కురుమ పెద్దమనిషి మైదానంలో మన క్లాసు చూసి నిలబడ్డారు. ఆయన కుక్కలకు ఇలాంటి ముక్కలేమీ లేవు, కానీ సాయంత్రం ఆయన తినే జొన్న రొట్టెలో మొదటి తుంట వాటికే పెడతారట. "కొడితె మంద ఇడిసి పోతది" అన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, చాలాసేపు విన్నాం.

రేబిస్ టీకాలు: జులై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువైద్యశాల టీకా శిబిరానికి మన కుక్కలన్నింటినీ ఒకే గుంపుగా తీసుకెళ్లాం. క్యూలో నిలబడ్డంతసేపూ, సూది వేస్తున్నప్పుడూ ముక్కలు ఇస్తూనే ఉన్నాం, మూతికి తొడుగు వేయాల్సి వచ్చినవి పోయినసారి కంటే తక్కువ. ఎవరినైనా కుక్క కరిస్తే, అది పెంపుడు కుక్కైనా సరే, గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క నోట్లోంచి లాక్కోవద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు, ఇంకా మంచి ముక్క చూపించి మార్పిడి చేసుకోండి, తగ్గకపోతే కమిటీకి చెప్పండి.

లెక్కలు: చందా డబ్బు నడుముకు కట్టుకునే గుడ్డ సంచులు కుట్టించడానికి, నీళ్ల క్యాన్లకు, కాగితాల ప్రింట్లకు అయింది, రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. కమిటీలో మార్పు లేదు. వచ్చే ఏడాది కుక్కపిల్లలకు వేరే క్లాసు పెడుతున్నాం, ఎందుకంటే మూడు వారాల నుంచి మూడు నెలల వయసు దాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు వాటికి జీవితాంతం గుర్తుంటాయి. టీకాలు పూర్తి కాని కుక్కపిల్లల్ని ఎత్తుకునే తీసుకురండి, పార్వో వైరస్ జబ్బు భయం ఉంది, నేల మీద దించొద్దు. పెద్ద కుక్కలు తమ క్లాసు ఉన్న రోజు పొద్దున తిండి తినకుండా రావాలి. ముక్కలు ఇంట్లోనే చిన్నగా కోసి తెచ్చుకోండి, మైదానంలో కోసుకుంటూ కూర్చుంటే క్లాసు అంతా ఆగిపోతోంది.

కార్యదర్శి