డే కేర్ కేంద్రాల్లో కీళ్లవాతం రోగులకూ చోటు కల్పించాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మూడేళ్లలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు, అంటే చికిత్స చేయించుకుని అదే రోజు ఇంటికి వెళ్లగలిగే కేంద్రాలు, నెలకొల్పుతామని, అందులో 200 కేంద్రాలను తొలి ఏడాదే ప్రారంభిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నాకు క్యాన్సర్ లేదు. అయినా ఆ వార్తను రెండుసార్లు చదివాను. పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంతో బాధపడుతున్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని నేను. ఆరు నెలలకోసారి నా ఒంట్లోకి ఎక్కించే మందుకు కావలసిన వసతులన్నీ, అంటే వెనక్కి వాలే కుర్చీ, చుక్కలను లెక్కగా వదిలే పంపు, పక్కనే ఉండి బీపీ చూసే నర్సు, ఆ కేంద్రాల్లో ఎలాగూ ఉంటాయి. వాటిని మావంటి రోగులకు కూడా తెరవమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నాది ఆటో ఇమ్యూన్ జబ్బు, అంటే మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి మన శరీరం మీదికే తిరగబడటం. నా విషయంలో అది కీళ్ల మీదికి వచ్చింది. పొద్దున్నే లేచాక గంటన్నర దాకా వేళ్లు ముడుచుకునేవి కావు, సుద్దముక్క పట్టుకోవడానికి ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా వంచుకోవలసి వచ్చేది. మెథోట్రెక్సేట్ మాత్రలు కొన్నేళ్లు పనిచేసి ఆ తర్వాత చాలకపోవడంతో డాక్టర్లు రిటుక్సిమాబ్ రాశారు. రోగనిరోధక వ్యవస్థలో యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాల్లో సీడీ20 అనే గుర్తున్నవాటిని వెతికి తొలగించే ఈ మందుకు అమెరికాలో 1997లో లింఫోమా అనే క్యాన్సర్ చికిత్స కోసం అనుమతి వచ్చింది, 2006లో కీళ్లవాతానికీ వచ్చింది. పెంఫిగస్ వంటి చర్మవ్యాధులకు, రక్తనాళాల వాపు జబ్బులకు కూడా ఇప్పుడు దీన్ని వాడుతున్నారు. మన హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రెడిటక్స్ పేరుతో దీన్ని దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. ఆవశ్యక ఔషధాల జాతీయ జాబితాలోనూ 2015 నుంచి ఈ మందు ఉంది. కాబట్టి మందు మనకు దూరంగా లేదు. దాన్ని క్షేమంగా ఎక్కించే చోటే దూరంగా ఉంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. నాకు మొదటిసారి ఈ మందు ఎక్కించింది దగ్గరలోని ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో. వెయ్యి మిల్లీగ్రాముల మందు కలిపిన సీసాను మామూలు సెలైన్ మాదిరిగానే స్టాండుకు తగిలించి, చేత్తో చక్రం తిప్పి వేగం పెట్టి, అక్కడి నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. మొదటిసారి ఈ మందును గంటకు 50 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి, ఏ ఇబ్బందీ లేదనుకుంటేనే అరగంటకోసారి మరో 50 పెంచుకుంటూ పోవాలి. అందుకే మొదటి విడతకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. నాకు మాత్రం చుక్కలు కాదు, సన్నని ధారే పడింది. పావుగంటకు గొంతులో దురద మొదలైంది, ఆ తర్వాత పళ్లు టకటక కొట్టుకునేంత చలి. నేను పిలవలేకపోతే పక్క మంచం మీది పెద్దావిడ కేకేసింది. మందు ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, రెండు దుప్పట్లు కప్పారు. ఎక్కించడానికి అరగంట ముందు ఇవ్వవలసిన స్టెరాయిడ్ ఇవ్వనేలేదని తర్వాత తెలిసింది. ఇంట్లో రోజూ వేసుకునే బీపీ మాత్రను ఆ పూటకు వేసుకోవాలా వద్దా డాక్టరును ముందే అడగాలని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. మందు నడుస్తుండగా బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది కనుక ఆ మాత్రను పన్నెండు గంటల ముందు నుంచి ఆపించే సందర్భాలు ఉంటాయి.

అంతకన్నా పెద్ద పొరపాటు కంటికి కనిపించనిది. రిటుక్సిమాబ్ మొదలుపెట్టే ప్రతి రోగికీ హెపటైటిస్ బి కోసం రెండు పరీక్షలు చేయాలి, ఒకటి సర్ఫేస్ యాంటిజెన్, రెండోది కోర్ యాంటీబాడీ. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్ ఆనవాలు మొదటి పరీక్షలో దొరకదు, రెండోదాంట్లోనే దొరుకుతుంది. నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ ఈ మందు వల్ల తిరగబెడితే కాలేయం దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మందు సమాచారపత్రంలోని అతి తీవ్రమైన హెచ్చరికల పెట్టెలో ఈ సంగతిని చేర్చింది. నాకు ఆ నర్సింగ్ హోమ్‌లో మొదటి పరీక్ష ఒక్కటే చేశారు. తర్వాత హైదరాబాద్‌లో రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల) డాక్టరు పాత కాగితాలన్నీ తిరగేసి, రెండో పరీక్ష ఏదమ్మా అని అడిగారు. చేయిస్తే పాజిటివ్ వచ్చింది. ఆనాటి నుంచి కాలేయాన్ని కాపాడే మాత్ర రోజూ వేసుకుంటున్నాను, చివరి విడత మందు ఎక్కించుకున్నాక కూడా కనీసం ఏడాది పాటు దాన్ని ఆపకూడదన్నారు. రెండో విడత ఎక్కించుకోకముందే ఆయన ఆ ప్రశ్న అడగడం నా అదృష్టం. ఒక రోగి ప్రాణం అలా అదృష్టం మీద ఆధారపడటం న్యాయం కాదు.

హైదరాబాద్‌లో చికిత్సకు వంక పెట్టలేను. కానీ సూర్యాపేట నుంచి అక్కడికి దాదాపు 135 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కితేనే వేళకు అందుకోగలం, అలర్జీ రాకుండా ఇచ్చే ఇంజెక్షన్ మత్తుతో రాత్రి ఒంటరిగా తిరిగి రాలేం గనుక వెంట ఒక మనిషి తప్పనిసరి. నాకు సెలవు దొరుకుతుంది, జీతం వస్తుంది. అక్కడ నా పక్క కుర్చీలో కూర్చునే మిర్యాలగూడ వైపు రైతు కూలీ దంపతులకు ఒక్కో విడతకు రెండు కూలీలు పోతాయి. రెండు వారాల తేడాతో రెండు విడతలు, మళ్లీ ఆరు నెలలకు అదే ప్రయాణం. కిందటిసారి ఆవిడ రాలేదు. వేళ్లు మళ్లీ వంకర్లు తిరుగుతున్నాయని ఫోన్‌లో చెప్పింది. ఇలాగే ఎక్కించుకునే మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడేవారి అవస్థ ఇంకా ఎక్కువ, మొదటి మూడు విడతలు ఆరు వారాల్లోనే అయిపోయినా ఆ తర్వాత ప్రతి ఎనిమిది వారాలకూ తిరగాలి. దానికి ముందు దాగి ఉన్న క్షయ కోసం పరీక్షించడం కూడా తప్పనిసరి.

క్యాన్సర్ రోగుల కుర్చీలను మేము ఆక్రమించుకుంటామేమోనన్న సందేహం కొందరికి రావచ్చు. వారికే ముందు చోటు ఇవ్వాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే మా మందు తేదీ నెలల ముందే తెలుస్తుంది, చాలామందికి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ప్రమాదం ఉండదు కనుక ఖాళీ ఉన్న రోజునే పిలవవచ్చు. పైగా నిరోధక శక్తి తగ్గినవారిని దగ్గు, జ్వరాల మధ్య కూర్చోబెట్టకూడదన్న జాగ్రత్త ఇద్దరికీ ఒకటే. ప్రతి జిల్లాలోనూ రుమటాలజీ నిపుణుడు ఉండాలని కూడా నేను అడగడం లేదు. మందు రాసేది నిమ్స్‌లోనో మరో పెద్దాసుపత్రిలోనో ఉన్న నిపుణులే. జిల్లాలో ఎక్కించడానికి శిక్షణ పొందిన నర్సు, అందుబాటులో ఒక ఫిజీషియన్ ఉంటే చాలు. 2019లో మెడికల్ కాలేజీ వచ్చిన మా సూర్యాపేట వంటి చోట వారు లేకపోరు. నిపుణుల నుంచి తెలుగులో ఒక్క పేజీ పత్రం రోగి వెంట రావాలి. హెపటైటిస్, క్షయ పరీక్షల ఫలితాలు, న్యుమోనియా టీకాను ఈ మందు ఎక్కించడానికి కనీసం నాలుగు వారాల ముందే వేశారా లేదా, ఏ వేగంతో మొదలుపెట్టాలి, ఇంటికెళ్లాక జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. టీకా సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. బి కణాలు లేనప్పుడు టీకా వేసినా యాంటీబాడీలు సరిగా తయారుకావని కోవిడ్ కాలంలో మాలో చాలామందికి అనుభవమైంది.

ఇది క్యాన్సర్ మందు అన్న ముద్ర మమ్మల్ని మరో విధంగానూ బాధిస్తోంది. చీటీ చూసిన చుట్టాలు దాచిపెట్టిన జబ్బేదో ఉందనుకుంటారు. బీమా కంపెనీలు కీళ్ల నొప్పులకు ఈ మందేమిటని కొర్రీ వేస్తాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో, పాలసీ నుంచి మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ చికిత్సను చేర్చారు, రిటుక్సిమాబ్ ఆ కోవకు చెందినదే. ఆ పద్దులో క్యాన్సర్ అన్న మాట లేదు. క్లెయిమ్ తిరస్కరణకు గురైనవారు ఈ సంగతిని ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా మళ్లీ అడగాలని కోరుతున్నాను.

డే కేర్ కేంద్రాలకు నియమావళి రాసేటప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ అర్హుల జాబితాలో ఒక్క వాక్యం చేర్చాలని నా విన్నపం: ‘క్యాన్సర్ రోగులతో పాటు, నిపుణుల సిఫారసు మేరకు రిటుక్సిమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు ఎక్కించుకోవలసిన ఆటో ఇమ్యూన్ రోగులకు కూడా ఈ కేంద్రాల్లో సేవలు అందించాలి.’

— ఒక ఉపాధ్యాయురాలు, సూర్యాపేట