నీట్ రద్దు ఆఖరి మార్గం కావాలి

ఎడిటర్ గారికి,

నీట్ పేపర్ లీకైందంటే చాలు, పరీక్ష మొత్తం రద్దు చేసేయాలని మా అమలాపురంలోనూ గట్టిగా అంటారు, ఆ కోపం న్యాయమైనదే. కానీ 2024లో ఏం జరిగిందో చూడండి: హజారీబాగ్, పట్నాల్లో లీక్ నిజమేనని ఒప్పుకుంటూనే, పరీక్ష మొత్తం చెడిపోయిందనడానికి ఆధారాల్లేవని సుప్రీంకోర్టు జూలై 23న రద్దుకు నిరాకరించింది. అంతకుముందు, పరీక్షలో సమయం నష్టపోయారని గ్రేస్ మార్కులు కలిపిన 1,563 మందికే మళ్లీ రాసే అవకాశమిచ్చారు. నాకైతే అదే సరైన దారి. కౌలురైతులు, కొబ్బరి దింపు కార్మికులు అప్పు తెచ్చి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించిన పిల్లలకి ఇంకో రెండు నెలల హాస్టల్ ఫీజు ఎవరు కడతారు? ఆ టెన్షన్‌తో మళ్లీ చదవగలరా? లీక్ దేశమంతా పాకిందని తేలితే మాత్రం రద్దు చేయాల్సిందే, కొత్త తేదీ కూడా అదే రోజు చెప్పాలి.

— ఓ విద్యార్థిని తల్లి, అమలాపురం