తీసిన ముక్కకు ఎక్స్‌రే తీస్తున్నారా?

ఎడిటర్ గారికి,

రొమ్ము క్యాన్సర్ మీద మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతుంటాను. మామోగ్రామ్ చేయించుకోండి, గడ్డ తగిలితే డాక్టర్‌కి చూపించండి అంటారు, మంచిదే. ఆపరేషన్ థియేటర్ లోపల ఏం జరగాలో మాత్రం ఎవరూ రాయరు, సంతకం పెట్టి లోపలికి పంపేది మేమే కదా.

ఇప్పుడు చాలామందికి రొమ్ము మొత్తం తీసేయక్కర్లేదు. గడ్డను, దాని చుట్టూ కొంత మంచి భాగాన్ని తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. అమెరికాలో 1976లో మొదలుపెట్టిన ట్రయల్‌కు 2002లో 20 ఏళ్ల ఫలితాలు వచ్చాయి, రొమ్ము తీసేసినవాళ్లకీ ఇలా ఉంచినవాళ్లకీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. చిక్కంతా అంచుల దగ్గరే. తీసిన ముక్క అంచు దాకా క్యాన్సర్ ఉందని, దాన్ని మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చే పెథాలజీ రిపోర్ట్‌లో వస్తే మళ్లీ ఆపరేషన్. ఆ రిపోర్ట్ వచ్చేదేమో పేషెంట్ ఇంటికెళ్లాక. మా అక్కకు అదే జరిగింది, మొదటి కుట్లు సరిగా మానకముందే రెండోసారి బల్ల ఎక్కింది. మన దగ్గరే అనుకోకండి, ఇంగ్లండ్‌లో 2005-08 లెక్కలు తీస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి మళ్లీ కోయాల్సి వచ్చింది.

ఇది కొంతైనా తగ్గాలంటే తీసిన ముక్కకు అక్కడికక్కడే ఎక్స్‌రే తీయాలి. (రేడియేషన్ అని భయపడే పని లేదు, ఎక్స్‌రే మనిషికి కాదు, బయటికొచ్చిన ముక్కకు.) చేతికి తగలని, కంటికి కనపడని, క్యాన్సర్‌కు గుర్తు కావచ్చిన కాల్షియం చుక్కలు, తీయాల్సిన చోటు తెలియడానికి రొమ్ములో ముందే పెట్టిన సన్నటి వైరు, చిన్న లోహపు క్లిప్ అన్నీ ముక్కలోకి వచ్చాయా, ఏ అంచుకు దగ్గరగా ఉన్నాయి అన్నది అందులో తెలుస్తుంది. ఏ వైపు ఏదో గుర్తుకు ముక్క మీద కుట్లు వేసి ఉంచుతారు కాబట్టి, అనుమానం ఉన్న వైపు ఇంకొంచెం అప్పుడే తీసేయొచ్చు. ముందు కీమో ఇచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం, గడ్డ కరిగిపోయాక ఆ చోటుకు ఆనవాలు ఒక్కోసారి ఆ చిన్న క్లిప్పే. ఎక్స్‌రేలో కనపడని కణాలు కూడా ఉంటాయి, చివరి మాట పెథాలజీదే, ఒప్పుకుంటాను. అక్కకు ఎక్స్‌రే తీసుంటే రెండో ఆపరేషన్ తప్పేదని కూడా అనట్లేదు. తీశారో లేదో కూడా మాకు ఎవరూ చెప్పలేదు, నా బాధ అది.

దీనికోసం థియేటర్లోనే పెట్టుకునే చిన్న మెషిన్లున్నాయి, నిమిషాల్లో బొమ్మ వచ్చేస్తుంది. అవి కొనలేకపోతే ఆస్పత్రిలో ఉన్న మామోగ్రామ్ మెషిన్ మీదే తీయొచ్చు, కాకపోతే ముక్క అక్కడికి వెళ్లి బొమ్మ వచ్చేదాకా పేషెంట్‌ని మత్తులో ఉంచి ఆగాలి. డబ్బుల కంటే ఓపిక సమస్యే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

వైరో క్లిప్పో పెట్టి చేసే ప్రతి ఆపరేషన్‌కీ ఈ ఎక్స్‌రే తప్పనిసరి చేసి, ఆరోగ్యశ్రీ బిల్లుతో పాటు ఆ ఫిల్మ్ కూడా పెట్టాలని ప్రభుత్వం ఎందుకు అడగకూడదు? పేషెంట్ ఫైల్‌లో కూడా ఒక కాపీ ఉంచమనండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం