కుందేలు కరిస్తే కారణం బోనులో ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంట్లో పెంచుకునే జంతువుల మీద మీరు వేసిన పేజీ చదివాను. కుక్కకూ పిల్లికీ చెరో రెండు కాలమ్‌లు ఇచ్చి, కుందేలుకు మూడు మాటలు ఇచ్చారు: చిన్న బోను సరిపోతుంది, అరవదు, పిల్లలు ఎత్తుకుని ఆడుకోవచ్చు. ఆరేళ్ల కిందట ఇవే మూడు మాటలు విని నేనూ ఒక కుందేలు పిల్లను తెచ్చుకున్నాను. ఆ తర్వాత దానికీ మాకూ ఏం జరిగిందో తలుచుకుంటే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా కుందేలు పేరు చిట్టి. వచ్చిన కొత్తలో ఎవరు పిలిచినా వచ్చేది. నాలుగో నెల దాటేసరికి పూర్తిగా మారిపోయింది. నీళ్లు మారుద్దామని బోనులో చెయ్యి పెడితే గుర్రుమని ముందుకు దూకి ముందు కాళ్లతో కొట్టేది, ఒకరోజు వేలు రక్తం కారేలా కరిచింది. రాత్రయితే ఊచలు పట్టుకుని కొరుకుతూనే ఉండేది, ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. దీనికి పొగరెక్కిందని అందరం అనుకున్నాం, ఎవరికైనా ఇచ్చేద్దామని కూడా అనుకున్నాం. పళ్లకేమైనా జబ్బేమోనని పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ నోరు పరీక్షించి పళ్లు బాగానే ఉన్నాయని చెప్పి, బోను కొలతలు అడిగారు. అందులో వరుసగా మూడు గెంతులు వేయగలదా, వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడితే చెవులు పైకప్పుకు తగలకుండా ఉంటాయా అన్నారు. రెండూ కుదరవు. ఒళ్లు తిప్పుకోవడానికి తప్ప చోటు లేని పెట్టెలో రోజుకు 22 గంటలు దాన్ని ఉంచి, దాని బుద్ధి మంచిది కాదని నేను నెలల తరబడి తిట్టుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వేటాడే జంతువులన్నిటికీ ఆహారమయ్యే ప్రాణి కుందేలు. ఇది గుర్తుంచుకుంటే దాని ప్రవర్తన సగం అర్థమైపోతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనక నుంచీ పైనుంచీ వచ్చేది దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనిపించదు. మనం ప్రేమగా ముక్కు దగ్గర పెట్టే చెయ్యి దానికి ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది, పైనుంచి వంగి ఎత్తుకుంటే గద్ద తన్నుకుపోయినట్టే. పైగా బోను దాని సొంత చోటు, అందులోంచి పారిపోవడానికి దారి లేదు, ఇక మిగిలింది కరవడమే కదా. ఇప్పుడు నేను తలుపు తీసి, నేల మీద కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటాను, అంతే. అదే వస్తుంది. మొదటిసారి రావడానికి 9 రోజులు పట్టింది, వచ్చి నా మోకాలిని ముక్కుతో ఒకసారి పొడిచి వెళ్లిపోయింది, నాకు ఏడుపొచ్చేసింది.

పిల్లలు ఎత్తుకోవచ్చని రాశారే, అది మాత్రం దయచేసి సవరించండి. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండలు చాలా బలం. భయపడి గాల్లో గట్టిగా తన్నుకుందంటే తన వెన్నెముకే విరిగి వెనక కాళ్లు పడిపోవచ్చు. తప్పనిసరైతే పెద్దవాళ్లే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకుని ఎత్తాలి, చెవులు పట్టి ఎత్తడం ఎప్పుడూ వద్దు. వెల్లకిలా పడుకోబెట్టగానే కదలకుండా ఉండిపోయే కుందేళ్ల వీడియోలు కూడా చూస్తున్నాను, ఎంత హాయిగా నిద్రపోయిందో అని జనం పంచుకుంటున్నారు. శత్రువు నోట చిక్కినప్పుడు ఒళ్లు బిగుసుకుపోయే స్థితి అది. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల భయంతో ఉంటుంది. ముద్దుగా ఉందని ఆ పని మాత్రం చేయకండి. అరవదు అన్నదీ పూర్తి నిజం కాదు, ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే కీచుమని అరుస్తుంది.

మిగతా సమయంలో ఒంటితోనే మాట్లాడుతుంది. వెనక కాలితో నేలను దబ్బుమని కొట్టిందంటే ఏదో ప్రమాదం ఉందని హెచ్చరిక, అప్పుడు కసురుకోకుండా ఏ చప్పుడుకు బెదిరిందో చూడాలి. గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి, కుర్చీ కాలికీ మన చెప్పుకూ గడ్డం రుద్దుతోందంటే ఇది నాది అని ముద్ర వేస్తోందన్నమాట. సంతోషం పట్టలేకపోతే పరిగెడుతూ గాల్లోకి ఎగిరి తలను ఒకవైపు, కాళ్లను ఇంకోవైపు విసురుతుంది, దీన్ని బింకీ అంటారు. చిన్న బోనులో ఉన్నన్నాళ్లూ చిట్టి ఒక్కసారి కూడా అలా ఎగరలేదు. నిమిరినప్పుడు పళ్లు సన్నగా ఆడిస్తే హాయిగా ఉన్నట్టు, ముడుచుకుని కూర్చుని పళ్లు గట్టిగా నూరుతుంటే మాత్రం ఎక్కడో నొప్పి ఉన్నట్టు. ఈ రెండిటికీ తేడా తెలియాలంటే రోజూ దగ్గర కూర్చోవాలి, వేరే దారి లేదు.

నాలుగైదు నెలల వయసులో మారిపోవడానికి ఇంకో కారణం ఎదకు రావడం. కాళ్ల చుట్టూ తిరగడం, మూత్రం చిమ్మడం, చూలు లేకపోయినా ఒంటి బొచ్చు పీక్కుని గూడు కట్టడం అన్నీ అప్పుడే మొదలవుతాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో ఇవి చాలావరకు తగ్గుతాయి, పైగా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. కుందేళ్లు తెలిసిన డాక్టర్‌తోనే చేయించండి. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి కుక్కలకు చేసినట్టు ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచరు, డాక్టర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఆయనకు కుందేళ్లు తెలుసో లేదో తెలిసిపోతుంది. ఆడ, మగ కలిపి ఉంచితే చూలు 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు.

ఇక చోటు సంగతి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ అనే కుందేళ్ల సంక్షేమ సంస్థ రెండు కుందేళ్లకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. అంత పెద్ద బోను కొనక్కర్లేదు, గదిలో ఒక మూలను మడత కంచెతో కట్టినా చాలు, మేమదే చేశాం. కింద ఇనుప జాలీ మాత్రం వద్దు. కుందేలు పాదాలకు పిల్లికి ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది, జాలీ మీద పుండ్లు పడతాయి. నున్నటి గచ్చు మీదా కాళ్లు జారతాయి, చాప గానీ పాత దుప్పటి గానీ పరవాలి. దాక్కోవడానికి రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె పెట్టండి, ఒకే దారి ఉంటే లోపల చిక్కుకున్నట్టు భయపడుతుంది. కరెంటు వైర్లు అందకుండా చూడండి. మలమూత్రాలకు అది ఒక మూలను తనే ఎంచుకుంటుంది, ట్రే అక్కడే పెట్టి పక్కన ఎండుగడ్డి వేస్తే చాలు, తింటూనే పెంటికలు వేయడం దాని అలవాటు కాబట్టి వారంలో నేర్చేసుకుంటుంది. ఎండ తగిలే బాల్కనీలో బోను పెట్టడం ప్రాణాంతకం, దానికి చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి, 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం ఉంటుంది.

తిండి గురించి ఒకే మాట. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసేది ఎండుగడ్డే, రోజంతా దొరకాలి. క్యారెట్ తీపి, అప్పుడప్పుడు ఒక ముక్క చాలు. దాదాపు 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దామని ఆగకండి, పేగుల కదలిక ఆగిపోతుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణైనా వేయమని నా మనవి. అందులో మొదట కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుందని రాయండి. సెలవుల్లో పిల్లలు అడిగారని తెచ్చి, కరిచిందని ఏ పార్కులోనో వదిలేస్తున్నారు, ఇంట్లో పెరిగిన కుందేలు అక్కడ బతకలేదు. తెచ్చుకునే ముందు ఆ గదిలో 3 మీటర్లు కొలిచి చూడమని కూడా రాయండి. చోటు లేకపోతే తెచ్చుకోవద్దని చెప్పడానికి మొహమాటపడకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు